ఫీడ్‌లో వ్యాసం మొత్తం ఇవ్వాలా, మొదటి పేరా ఇస్తే చాలా?

తోకచుక్క:
నాకో చిన్న సైటు ఉంది. వారానికి ఒకటో రెండో వ్యాసాలు రాస్తాను. ఇన్నాళ్లూ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో (కొత్త రాతలు చందాదారులకు వాటంతటవే చేరేలా సైటు ఇచ్చే ఫైలు) వ్యాసం మొత్తం వెళ్లేది. నా సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో మనం ముట్టుకోకపోతే ఉండే సెట్టింగ్ అదే. పోయిన నెల మొదటి పేరా మాత్రమే వెళ్లేలా మార్చాను. దాపరికం లేకుండా చెప్తాను, ఫీడ్‌లో చదివేవాళ్లు సైటుకు రారు, కామెంట్ రాయరు, ప్రకటన చూడరు. మార్చిన మూడో రోజుకే ఇద్దరు "మీ ఫీడ్ తీసేస్తున్నాం" అని మెయిల్ పెట్టారు. అంత పాపం చేశానా?

పాత_చందాదారు:
చేశారండీ. ఆ మెయిల్ పెట్టినవాళ్లలో నేను లేను గానీ, ఉండాల్సింది.

నా రీడర్‌లో (ఫీడ్లన్నీ ఒకేచోట చూపించే యాప్) నూట నలభై సైట్లున్నాయి. వాటిలో సగం మూడు నెలలకోసారి రాసేవి. ఫీడ్ లేకపోతే అవి బతికున్నాయో లేదో కూడా నాకు తెలియదు. పొద్దున రీడర్ తెరిస్తే కొత్తవన్నీ ఫోన్‌లోకి దిగిపోతాయి, ఆ తర్వాత నెట్ ఉన్నా లేకపోయినా చదువుకుంటాను. మీలా ముక్క ఇచ్చినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఇంకా చదవండి" అని లింకు. నొక్కితే కుకీల పెట్టె, దాని మీద న్యూస్‌లెటర్ పెట్టె. ఇవి తప్పించుకోవడానికే కదా నేను రీడర్‌లోకి వచ్చింది! గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడ్డప్పుడు సైట్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించుకుని వేరే రీడర్‌లో ఎక్కించుకున్నాను, ఒక్క సైటూ పోలేదు. అంత పట్టుగా వెంట వచ్చే పాఠకుణ్ణి గుమ్మం దగ్గరే నిలబెడితే ఎలా?

గడియారంముల్లు:
ఊరికే రాసిపెట్టేవాళ్ల మీద ఇంత అధికారం ఏంటో నాకు అర్థం కాదు. సైటు ఆయనది, ఖర్చు ఆయనది.

పైగా ముక్క ఇవ్వడానికి డబ్బు కాని కారణాలూ ఉన్నాయి. నా వ్యాసాల్లో పట్టికలు, ఫుట్‌నోట్లు ఎక్కువ. కొన్ని రీడర్లలో అవి చూస్తే ఏడుపొస్తుంది. తప్పు దిద్దుకుందామన్నా, మొదటిసారి తెచ్చుకున్న కాపీనే చూపించే రీడర్లున్నాయి. సైట్లో దిద్దేశాను, రీడర్‌లో పాత తప్పు అలాగే ఉంది, దాన్ని పట్టుకుని నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. ఇక రోజుకు యాభై వార్తలు వేసే సైటైతే చదువరిగా కూడా నాకు శీర్షిక, రెండు లైన్లే కావాలి.

కొత్తనీరు:
ఇంకా ఫీడ్లు వాడేవాళ్లు ఉన్నారా? ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా ఫీడ్లు చదివే సదుపాయాన్ని 2018లో తీసేసింది కదా.

పాత_చందాదారు:
మీరు పాడ్‌కాస్ట్‌లు వింటారా? వింటే మీరూ ఫీడ్ వాడుతున్నట్టే, కొత్త ఎపిసోడ్లు చాలావరకు యాప్‌కు చేరేది ఫీడ్ ద్వారానే.

వైరుతీగ:
తోకచుక్క గారూ, సర్వర్ లాగ్ (సైటుకు ఎవరెవరు వచ్చారో రాసుకునే చిట్టా) ఎప్పుడైనా చూశారా? ఫీడ్లీ లాంటి ఆన్‌లైన్ రీడర్ మనిషికోసారి రాదు, అందరి తరఫునా ఒక్కసారే వచ్చి ఫీడ్ పట్టుకెళ్తుంది. పోతూ పోతూ యూజర్ ఏజెంట్ లైన్లో (వచ్చిందెవరో చెప్పే లైను) ఎంతమంది చందాదారులో అంకె రాసి పోతుంది. అంటే మీ లెక్కలో "ఒక విజిట్" అన్నది నిజానికి చాలామంది కావచ్చు.

ఇంకోటి. కొన్ని రీడర్లు ముక్క ఫీడ్ చూడగానే అసలు పేజీకి వెళ్లి వ్యాసం మొత్తం వాటంతటవే లాక్కొస్తాయి. మినీఫ్లక్స్ అనే రీడర్‌లో ఇది ఒక టిక్కు పెడితే చాలు. తెలిసినవాళ్లు ఎలాగూ మొత్తమే చదువుతారు, తెలియనివాళ్లే ఇబ్బంది పడతారు. కంటెంట్ దొంగల భయమంటే, వాళ్లు పేజీ నుంచైనా ఎత్తేస్తారు. బ్యాండ్‌విడ్త్ గురించి టెన్షన్ వద్దు. ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో పోల్చుకునే గుర్తు) సరిగ్గా పంపితే, మార్పు లేనప్పుడు సర్వర్ 304, అంటే "మారలేదు" అని ఊరుకుంటుంది, ఫైలు పంపదు. (మర్యాద లేని రీడర్లు కొన్ని అదీ పట్టించుకోవు, అది వేరే గోల.)

గడియారంముల్లు గారు చెప్పిన పట్టికల సంగతి మాత్రం నిజం. దానికి నా దగ్గర మందు లేదు.

తోకచుక్క:
రాత్రి లాగ్ తిరగేశాను. ఫీడ్లీ ఒక్కటే రెండు వందల పైచిలుకు చెబుతోంది! నేను ముప్పై మంది ఉంటారేమో అనుకున్నా. ముక్క ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఫీడ్ లింకుల చివర ఒక గుర్తు తగిలించాను. నెల మొత్తం మీద ఆ గుర్తుతో సైటుకు వచ్చినవి పాతిక కూడా లేవు. అంటే మిగతావాళ్లు మొదటి పేరా దగ్గరే ఆగిపోయారన్నమాట.

మళ్లీ మొత్తం ఇచ్చేస్తున్నాను. కామెంట్ల బాధ తీరడానికి ప్రతి వ్యాసం చివర, ఫీడ్‌లో మాత్రమే కనిపించేలా, "దీనికి జవాబు రాయండి" అని మెయిల్ లింకు పెడతాను. ప్రకటనల సంగతి తర్వాత చూద్దాం.

గడియారంముల్లు:
మీ ఇష్టం. నేను మాత్రం ముక్కే ఇస్తాను, పట్టికలు వదులుకోలేను.

పాత_చందాదారు:
సంతోషం. ఇప్పుడే మీ సైటును రీడర్‌లో చేర్చబోతే "ఫీడ్ దొరకలేదు" అంటోంది. పేజీ హెడ్‌లో (పైకి కనిపించని కోడ్ భాగం) ఫీడ్ లింకు ఉందా?

తోకచుక్క:
పోయిన ఏడాది థీమ్ మార్చినప్పుడు ఎగిరిపోయినట్టుంది. పెట్టాను. ఓసారి మళ్లీ చూడండి.

పాత_చందాదారు:
వచ్చింది. నూట నలభై ఒకటి.