‘ఎక్స్‌కాలిబర్’ (1981): పిల్లలతో చూడవచ్చా? మాలరీని ముందుగా చదవాలా?

గోదారిగట్టు:
ఆర్థర్ రాజు కథతో జాన్ బూర్మన్ తీసిన ‘ఎక్స్‌కాలిబర్’ను ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి చూడాలనుకుంటున్నాను. ఆ కథలను కూర్చిన మాలరీ గ్రంథం చదవకపోతే కథ అర్థమవుతుందా, అసలు ఆ వయసువారికి తగిన చిత్రమేనా అన్నది చూసినవారు చెప్పగలరు.

పద్యప్రియుడు:
చదివి చూస్తేనే బాధ ఎక్కువ. 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన ఆ గ్రంథంలో ఆర్థర్ రాతి నుంచి లాగిన కత్తి వేరు, సరోవర కన్య ఇచ్చిన కత్తి వేరు. చిత్రంలో రెండింటినీ ఒక్కటి చేశారు. పవిత్ర పాత్ర గ్రెయిల్‌ను సాధించిన వీరుడు గాలహాడ్ చిత్రంలో కనబడనే కనబడడు. ఆ ఘనతనూ, చివరలో కత్తిని నీటిలోకి విసిరే బెడివియర్ పనినీ కలిపి మరో వీరుడు పెర్సివల్‌కే కట్టబెట్టారు. గాలహాడ్ లేని గ్రెయిల్ కథను నేను అంగీకరించలేను.

రంగాలంకరణ:
కత్తుల సంగతి అటుంచండి. పౌరాణిక నాటకాలకు కిరీటాలు, కవచాలు చేయడం మా ఇంటి వృత్తి కనుక చెబుతున్నాను. ఈ చిత్రంలో ఆర్థర్ తండ్రి యూథర్ ఇగ్రెయిన్ పడకగదిలో కూడా కవచం విప్పడు! పైగా ఆర్థర్‌ను అయిదు, ఆరు శతాబ్దాల నాటివాడని చెబుతారు. నిలువెల్లా కప్పే ఇటువంటి పలకల కవచం పదిహేనో శతాబ్దపు సొత్తు.

కోటగుమ్మం:
అయ్యా, మాలరీయే పదిహేనో శతాబ్దం వాడు, తన కాలపు వీరులనే ఊహించుకున్నాడు. చిత్రం అనుసరించింది ఆయననే గాని ఆరో శతాబ్దపు చరిత్రను కాదు. టెర్రీ ఇంగ్లిష్ చేసిన ఆ కవచాల మీద ఛాయాగ్రాహకుడు అలెక్స్ థామ్సన్ ఆకుపచ్చ వెలుగు పడనిచ్చి, అడవి అంతా లోహంలో ప్రతిఫలించేటట్లు చేశాడు. ఆయన పని ఆస్కార్ ప్రతిపాదన దాకా వెళ్ళింది. యూథర్ కాలంలో నల్లబారి ఉన్న ఇనుము ఆర్థర్ కొలువైన కామెలాట్‌కు వచ్చేసరికి వెండిలా మెరవడం మీ వృత్తివారి కంటికే ఆనకపోతే ఎలా? ద్వాపరంలో కృష్ణుడికి మఖమలు కట్టించినది మీరు కాదా?

రంగాలంకరణ:
మా మఖమలు జోలికి రావద్దు. నాటకంలో కృష్ణుడు నిలబడి పద్యం పాడతాడు, కవచంతో గుర్రం మీద నుంచి పడి లేవడు. ఒకసారి భుజాలకు ఆ బరువు కట్టుకుని అరగంట నిలబడి, తరువాత వెలుగు గురించి నాకు పాఠం చెప్పండి.

అహల్య:
మీ ఇద్దరికీ ఆ పడకగదిలో కవచం మాత్రమే కనబడిందా? మాంత్రికుడు మెర్లిన్ మాయతో యూథర్ ఆమె భర్త రూపం ధరించి వస్తాడు. ఇంద్రుడు గౌతముడి రూపంలో వచ్చిన కథ తెలిసిన మనకు అది కొత్త మోసమేమీ కాదు. తండ్రి చేసిన ఆ మోసంతోనే ఆర్థర్ పుట్టాడు, అదే మాయతో ఇగ్రెయిన్ కూతురు మోర్గానా అతడిని మోసగించి మోర్డ్రెడ్‌ను కన్నది. ఇగ్రెయిన్ దుఃఖానికి మాత్రం చిత్రంలో చోటు చాలా తక్కువ.

రాజనీతి:
నా దృష్టిలో చిత్రానికి ప్రాణం వేరే సన్నివేశంలో ఉంది. కత్తి లాగినా ఆర్థర్ ఇంకా వీరదీక్ష పొందని అనుచరుడే గనుక, ఎదిరించిన యూరియెన్స్ అతడిని రాజుగా ఒప్పుకోడు. అప్పుడు ఆర్థర్ తన కత్తినే శత్రువు చేతికిచ్చి, నన్ను వీరుడిగా దీక్షితుణ్ణి చెయ్యమని మోకరిల్లుతాడు. ఈ పని మెర్లిన్ కూడా ఊహించలేదు. తరువాత రాజు కుంగిపోతే నేల బీడు పడుతుంది. రోమపాదుడి తప్పుకు అంగదేశంలో వానలు పోయాయని విన్నవారికి అది వివరించవలసిన పని లేదు.

పద్యప్రియుడు:
ఆ బీడు తీర్చవలసినవాడు గాలహాడ్.

గోదారిగట్టు:
అయ్యలారా, అమ్మా, మా అబ్బాయి సంగతి ఎవరూ చెప్పలేదు.

వాగ్నర్‌వీరుడు:
అమెరికాలో దీనికి పెద్దల తోడు ఉండాలన్న ‘ఆర్’ ధ్రువీకరణ ఇచ్చారు. ఆ పడకగది ఘట్టంతో పాటు, చెట్టుకు వేలాడుతున్న వీరుల శవాలను కాకులు పొడిచే దృశ్యం కూడా ఉంది. మాలరీ అక్కరలేదు గాని, ముందు మీరు ఒక్కరే చూడండి. ఇంట్లో మంచి స్పీకర్లు ఉంటే వాటిలోనే వినండి; చిత్రంలో వాడిన, వాగ్నర్ రాసిన సీగ్‌ఫ్రీడ్ అంత్యయాత్ర సంగీతాన్ని, ఓర్ఫ్ ‘కార్మినా బురానా’నూ ఫోనులో వినడం వృథా.