మోడా, ఆకు రాల్చిన పొదా?

చలికాలంలో ఆకులన్నీ రాల్చేసే ఫోర్సీథియా అనే పూల పొదను ‘మోడు’ అనవచ్చా అని అడిగారు కదండీ. నన్నడిగితే అనకూడదు. మోడు అంటే కొమ్మా రెమ్మా పోయి మొండిగా మిగిలిన చెట్టు. అది మళ్ళీ చిగురిస్తుందని ఎవరూ అనుకోరు కాబట్టే ‘మోడు చిగురించింది’ అని అంత ఆశ్చర్యంగా చెప్పుకుంటాం. ఫోర్సీథియా సంగతి వేరు. ఆకు ఒక్కటీ లేకపోయినా కొమ్మల నిండా మొగ్గలుంటాయి. అవి కిందటి వేసవిలో కట్టినవే. వసంతం రాగానే చిగురు కన్నా ముందు పసుపు పూలు విచ్చుకుంటాయి.

‘ఆకులు రాలిన పొద’ అన్నా తప్పేమీ లేదు. ‘ఆకు రాల్చిన పొద’ అంటే మాత్రం ఇంకా సరిగ్గా ఉంటుంది. రాలడం దానంతటదే జరిగేది, రాల్చడం ఒకరు చేసేది. ఇక్కడ ఆ చేసేది మొక్కే. పగటి పొద్దు తగ్గి చలి మొదలయ్యే వేళకు ఆకుల్లోని పోషకాలను చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. ఆకు కాడ మొదట్లో ఒక పలచని పొర ఏర్పడి, ఆకు అక్కడ తెగిపోతుంది. ఆకులు పచ్చగా ఉన్నప్పుడే విరిగి ఎండిపోయిన కొమ్మను ఎప్పుడైనా గమనించారా? చాలాసార్లు ఆ ఆకులు వడిలి, రంగు మారి, దాన్నే పట్టుకుని వేలాడుతుంటాయి. ప్రాణం ఉన్న కొమ్మే ఆకును రాల్చగలదు! ‘రాల్చు’ అనే ఒక్క క్రియలో ఇదంతా ఇమిడి ఉండటం నాకెంతో ఇష్టం. పాఠ్యపుస్తకాల్లోని ‘ఆకురాల్చే అడవులు’ అన్న మాట కూడా అందుకే చక్కగా కుదిరింది.

మొక్కలు పెంచేవాళ్ళకు ఈ తేడా తెలియడం అవసరం. ఎండిపోయిందనుకుని చలికాలంలో కత్తిరిస్తే, ఆ కొమ్మలకు రావలసిన పూలు పోయినట్టే. అనుమానంగా ఉంటే బెరడును గోటితో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కత్తిరింపు పని పూలు అయిపోయిన వెంటనే పెట్టుకోవాలి. అప్పుడు బాగా ముదిరిన కొమ్మలు కొన్నిటిని మొదలంటా తీసేస్తే కొత్తవి వస్తాయి. పొటెంటిల్లాకు మాత్రం ఈ పట్టింపు లేదు. అదీ పసుపు పూల చిన్న పొదే కానీ, కొత్త రెమ్మలకు పూస్తుంది కాబట్టి చలికాలం చివర్లో కత్తిరించినా నష్టం లేదు.

ఇక ‘పొద’ అనాలా, ‘గుబురు’ అనాలా అన్నారు. పొద అంటే మొక్క, గుబురు అంటే అది ఒత్తుగా అల్లుకున్న తీరు. ‘పొద గుబురుగా పెరిగింది’ అని రెండూ కలిపి నిక్షేపంగా రాయండి.