ఏడిస్తే మగోడు కాదంటాడు మా అన్న, ఎట్లా మాట్లాడించాలి?

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అన్నకు నలభై రెండేళ్లు. పోయినేడు రెండు బోర్లు వేయించినాడు. ఒకటి 800 అడుగులు పోయినా దుమ్మే లేచింది. చీనీ చెట్లు నిలువునా ఎండిపోయినాయి. అప్పటినుంచి మాట తగ్గించేసినాడు.

మొన్న రాత్రి సంగటి ముద్ద ముందు కూర్చొని వేళ్లతో చిదుముతానే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. వదిన కళ్లు తుడుచుకుంటే, "నువ్వు ఆడదానివి, ఏడ్వొచ్చు. నేను ఏడిస్తే ఈ ఇంటికి దిక్కెవరు?" అన్నాడు.

మా నాయనా ఇంతే. శెనక్కాయ పంట మొత్తం పోయిన ఏడు కూడా మీసం మీద చెయ్యి దించలేదు. మగతనమంటే అదే అనుకొని పెరిగినాం. నాకిప్పుడు అది తప్పనిపిస్తాంది. అప్పు ఎంతుందో భార్యకు చెప్పడానికి కూడా ధైర్యం కావాల కదా.

మనసు బాధలు చెప్పుకోడానికి సర్కారు పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయమన్నా. 2022 నుంచి నడుస్తాంది, డబ్బు కట్టే పని లేదు, తెలుగులోనే మాట్లాడతారు. "నేనేమన్నా పిచ్చోణ్ణా" అని కసిరినాడు.

ఇట్లాంటి అన్ననో నాయననో మాట్లాడించగలిగినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మొదటి మాట ఎట్లా ఎత్తినారు? వదినతో అడిగించాలా, నేనే పొలం గట్టున పక్కన కూర్చొని అడగాలా? చిన్ననాటి స్నేహితుడొకాయన ఉరవకొండలో ఉన్నాడు, పిలిపిస్తే పరువు పోయిందనుకుంటాడేమోనని భయం.

పురుగుమందు డబ్బాలు మాత్రం వదినతో చెప్పి మా ఇంటికి తెచ్చి తాళమేసినా.