మా అబ్బాయి పేరు మీద కబడ్డీ పోటీ పెట్టాలి, సలహాలు కావాలి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మా పెద్దబ్బాయి నిరుడు యాక్సిడెంట్‌లో పోయాడు. 23 ఏళ్లు. కబడ్డీ అంటే ప్రాణం, రైడ్‌కి వెళ్తే బోనస్ లైన్ మీదే కన్ను. వాడి కిట్ బ్యాగ్ ఇంకా అలాగే ఉంచాం. కుడి మోకాలి క్యాప్ అరిగిపోయి దారాలు వేలాడుతున్నాయి, ఎడమది కొత్తదానిలా ఉంది. ఎప్పుడూ ఒకే వైపు డైవ్ కొట్టేవాడని వాడి స్నేహితులు చెప్తే తెలిసింది.

ఈ సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ల జట్లతో వాడి పేరు మీద పోటీ పెడదామనుకుంటున్నాం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మ్యాట్ అద్దెకు తేవాలా, మట్టి కోర్టు సరిపోతుందా? 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టుకి బడి వెనక చోటుంది. 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు ఆడిస్తే ఎనిమిది జట్ల నాకౌట్ ఒక్క రోజులో తేలుతుందా? ఆటగాడి బరువు 85 కిలోలు దాటకూడదనే నిబంధన ఊరి పోటీల్లో పట్టించుకుంటారా? అంపైర్లకి ఎంత ఇవ్వాలి? క్యాష్ ప్రైజ్ పెడితే గొడవలవుతాయని నా భయం, దాని బదులు షూస్, మోకాలి క్యాపులు ఇస్తే జట్లు వస్తాయా?

ఇంకొకటి. కుర్రాళ్లు వాడి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కడదామంటున్నారు. నాలుగు రోజులకి చిరిగి రోడ్డున పడే దాని మీద వాడి మొహం వద్దంటోంది వాళ్లమ్మ. నాకూ అదే సబబనిపిస్తోంది. ఇలాంటి పోటీ పెట్టిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, ఫ్లెక్సీ బదులు మీరేం చేశారో రాయండి. ఫోన్ చేస్తామని మాత్రం అనకండి, ఈ విషయంలో నాకు మాట పెగలదు.