ఆశ్రమ పాఠశాల పిల్లలు పొద్దున టిఫిన్ వదిలేస్తున్నారు, రక్తం కూడా తక్కువే, ఏం చేయాలి?

ఏజెన్సీ టీచర్:
అందరికీ నమస్తే. పాడేరు వైపు గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. కొండమీద ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఉప్మా రెండు ముద్దలు తిని లేచిపోతారు, ఇంటర్వెల్ అయితే చాలు గేటు బయట చిప్స్ ప్యాకెట్లే. ఐరన్ మాత్రలు వారం వారం ఇస్తున్నాం, అయినా 7, 8 తరగతుల ఆడపిల్లల్లో చాలామందికి హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఆగిపోయింది. తిట్టి తినిపించడం నాకిష్టం లేదు. ఎవరైనా ఏమైనా చేసి చూశారా?

మన్యం కుర్రాడు:
మేడమ్, నేనూ అలాంటి హాస్టల్లోనే చదివాను. మా ఇంట్లో పొద్దున్నే పులిసిన చోడి (రాగి) అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ పచ్చిమిర్చి, వానలు పడితే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, అడవి దుంపలు, ఇవి తిని పెరిగినోళ్ళం, హాస్టల్‌కి వచ్చాక ఆ తెల్ల ఉప్మా నోట్లోకి దిగేదే కాదు. అంతకంటే పెద్ద బాధ ఏంటంటే అంబలి తాగుతావా అని తోటోళ్ళు నవ్వడం, దాంతో సెలవులకి ఇంటికెళ్ళినా అమ్మ పోస్తే వద్దనేవాణ్ణి. ఇప్పుడు బళ్ళలో రాగి జావ ఇస్తున్నారు, మంచిదే, కానీ అది బెల్లంతో తియ్యగా ఉంటుంది, మా పిల్లలకి అలవాటు పుల్లటిది. మీ వంట అక్కల్లో ఆ ఊళ్ళవాళ్ళు ఉంటారు కదా, ఒక్కసారి వాళ్ళ పద్ధతిలో చేయించి చూడండి. మీరూ పిల్లల పక్కన కూర్చుని ఒక గ్లాసు తాగండి మేడమ్, అప్పుడు ఎవరూ నవ్వరు.

పీహెచ్‌సీ నర్సు:
టీచర్ గారూ, 9 అంటే తేలిగ్గా తీసుకోకండి. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత. వారానికో మాత్ర అనేది రాకుండా చూడ్డానికి, వచ్చేశాక రోజూ వేయాలి, ఆ డోసు డాక్టరే రాయాలి, కాబట్టి లిస్టు తీసి పీహెచ్‌సీకి పంపండి. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) టెస్టు తప్పకుండా చేయించండి, గిరిజన ప్రాంతాల్లో అది ఎక్కువ, 2023 జులైలో ఇలాంటి ప్రాంతాల్లో దానికి స్క్రీనింగ్ మొదలైంది. జ్వరం వచ్చిపోయిన పిల్లలుంటే మలేరియా కూడా చూడాలి, అదీ రక్తాన్ని తినేస్తుంది. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరిలో మిస్ అయినవాళ్ళకి మళ్ళీ అడిగి వేయించండి. ఇంకొకటి, మాత్ర వేసిన గంట వరకు టీ ఇవ్వొద్దు, టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు. ఉసిరికాయో నిమ్మరసమో పక్కన ఉంటే బాగా పడుతుంది.

ఉట్నూరు సార్:
నర్సమ్మ గారు చెప్పింది ముందు చేయండి. చిప్స్ విషయానికొస్తే, గేటు దగ్గర అరిస్తే ఆగరు, ఆకలేసే టైముకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మేం ఇంటర్వెల్‌కి ఉడికించిన శనగలు పెట్టాం, చాలావరకు తగ్గింది. మీ వైపు రాజ్మా బాగా పండుతుంది కదా, అది పెట్టండి, కానీ రాత్రి నానబెట్టి బాగా మెత్తగా ఉడికించాలి. చోళ్ళ సంగతి ఆ తమ్ముడు బాగా చెప్పాడు, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాదాపు ఏమీ ఉండదు, ఎదిగే పిల్లలకి ఇంకేం కావాలి.

ఏజెన్సీ టీచర్:
అందరికీ చాలా థాంక్స్. లిస్టు రేపే పంపిస్తాను. ఒక్క డౌటు, అంబలి మెనూ చార్టులో లేదు కదా, ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఏమంటారో?

ఉట్నూరు సార్:
టిఫిన్ తీసేసి పెట్టకండి, దాంతో పాటు ఇవ్వండి. మెస్ కమిటీలో తీర్మానం రాసి తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి, హెచ్ఎం గారి ద్వారా ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) ఒక కాపీ పంపండి. నీళ్ళు మాత్రం కాచినవే వాడమనండి.