ఆరెంజ్ అలర్ట్ రోజున చినుకు లేదు, ఏ అలర్టూ లేని రోజున గుమ్మంలోకి నీళ్ళు. ఏది నమ్మాలి?

కోరమంగళ గ్రౌండ్ ఫ్లోర్: అందరికీ నమస్కారం. బెంగళూరులో రాజకాలువకు (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ) రెండు వీధుల అవతల అద్దెకుంటున్నాం. ఆమధ్య ఆరెంజ్ అలర్ట్ అంటే ఆఫీసు మానేసి కూర్చున్నా, మబ్బు కూడా పట్టలేదు. మొన్న యాప్‌లో ఎండ బొమ్మే ఉంది, సాయంత్రం గంట వానకే గుమ్మం దాకా నీళ్ళు. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. కాస్త ముందే తెలుసుకునే దారి ఉందా?

మేఘాలపిచ్చి: రేపు మీ వీధిలో పడుతుందా అంటే ఎవరూ చెప్పలేరండీ. ఉరుముల మేఘం ఒక్కోటి అయిదారు కిలోమీటర్ల వెడల్పుంటుంది, గంటలో పుట్టి, పెరిగి, కురిసి పోతుంది. వాతావరణ అంచనా వేసే కంప్యూటర్ మోడళ్ళు భూమిని గళ్ళుగా విడగొట్టి లెక్కేస్తాయి. అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ మోడల్లో ఒక్కో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ వాళ్ళది 9. మేఘమే గడి కన్నా చిన్నదైతే మోడల్‌కి ఏం దొరుకుతుంది? తేమ ఉంది, ఉక్కపోత ఉంది, ఈ చుట్టుపక్కల ఎక్కడో పడొచ్చు అనేంతవరకే.

ఇక ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాన లెక్క 24 గంటలది: 64.5 మి.మీ. నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మీక్కావలసింది గంట లెక్క. 60 మి.మీ. రోజంతా ముసురుగా పడితే కాలువ లాగేస్తుంది, అదే గంటలో పడితే మీ ఇంట్లోకొస్తుంది. చూశారా, అది 'భారీ' కింద కూడా రాదు!

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నది రేపటి సంగతిలో ఇప్పటికీ నిజమే. రాబోయే రెండు మూడు గంటలకు మాత్రం చెల్లదు. ఐఎండీ మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్ట్ (వచ్చే కొద్ది గంటల అంచనా) చూడండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో నేను నమ్మేది అదే.

కోరమంగళ గ్రౌండ్ ఫ్లోర్: రాడార్ బొమ్మ చూస్తే సరిపోదా?

మేఘాలపిచ్చి: చెన్నై రాడార్ అయితే ఒక మెలిక ఉంది. అది మనకు సుమారు 290 కిలోమీటర్లు. భూమి వంపు వల్ల దాని కిరణం ఇక్కడికొచ్చేసరికి నేలకు ఆరేడు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. ఎత్తైన మేఘం తల తగులుతుంది, పొట్టి మేఘం తప్పించుకుంటుంది. కాబట్టి ఎరుపు కనిపిస్తే నమ్మండి, ఖాళీగా కనిపిస్తే నమ్మకండి. ఎర్ర మచ్చ కదిలిపోతుంటే పావుగంట జోరుతో సరి. వరుస బొమ్మల్లో అక్కడే పాతుకున్నా, వెనక కొత్తవి పుట్టి అదే దారిన వస్తున్నా జాగ్రత్తపడాలి.

మేఘసందేశ యాప్‌లో కేఎస్‌ఎన్‌డీఎంసీ (కర్ణాటక ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం) వర్షమాపకాల లెక్కలు కూడా చూడండి. మీ ఏరియాది కాదు, ఎగువది. మీ కాలువ మెజెస్టిక్ వైపు మొదలై శాంతినగర్ మీదుగా బెళ్ళందూరు చెరువుకు పోతుంది. అటు కుండపోతైతే, మీకు చినుకు పడకపోయినా నీళ్ళొస్తాయి. చదరపు కిలోమీటరు మీద 50 మి.మీ. అంటే 5 కోట్ల లీటర్లు. సిమెంటు నేలలో అది ఇంకేదెక్కడ?

అపార్ట్‌మెంట్ కార్యదర్శి: లెక్కలు బాగున్నాయి, ముందు ఈ పనులు కానివ్వండి. నీళ్ళు వాకిట్లోంచి కంటే ముందు బాత్రూమ్ జాలీలోంచి ఎగదన్నుతాయి, ఇసుక సంచి పెట్టండి. సంపు మూత బిగించండి. నీళ్ళు రాకముందే మెయిన్ స్విచ్ ఆపండి, తడి చేత్తో ముట్టుకోవద్దు. నాన్నగారిని పైఅంతస్తుకు పంపాలంటే నీళ్ళు కాళ్ళకు తగలకముందే.

కారుతో అండర్‌పాస్‌లోకి దిగొద్దు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ నీళ్ళలో కారు మునిగి మన ఆంధ్ర అమ్మాయే చనిపోయింది. 30 సెంటీమీటర్ల పారే నీళ్ళు చాలు, చిన్న కారు తేలిపోవడానికి.

కోరమంగళ గ్రౌండ్ ఫ్లోర్: పైయింటి ఆంటీని అడిగాను, ఎప్పుడైనా రమ్మన్నారు. నాన్న మాత్రం వాన చూద్దామని డాబా ఎక్కుతానంటున్నారు.

మేఘాలపిచ్చి: ఉరిమినంతసేపూ వద్దని చెప్పండి. దామిని యాప్ వేసి ఆయన ఫోన్లోనే పెట్టండి. దగ్గర్లో పిడుగులుంటే అదే చెప్తుంది, మీ మాట వినకపోయినా దాని మాట వింటారు.