డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ఇంటి పనిలో వాటా ఉంచాలా, పూర్తిగా తీసేయాలా?

గోరింట:
ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో చిన్నపిల్లలు. ఒకరికి డిప్రెషన్ అని డాక్టర్ తేల్చి మందులు మొదలుపెట్టారు. తేరుకునేదాకా ఆ మనిషికి ఇంటి పని చెప్పకూడదని నా వాదన. ఉన్న కాస్త ఓపికా ఆఫీసుకే సరిపోతుంది. మందు గుణం తెలియడానికే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. జ్వరంతో పడుకున్న మనిషి చేత గిన్నెలు తోమిస్తామా?

తూరుపుగాలి:
జ్వరానికి విశ్రాంతి పనిచేస్తుంది. డిప్రెషన్‌లో అన్నీ మానేసి పడుకుంటే తరచూ ఎదురు తిరుగుతుంది. పనులు వదిలేసిన కొద్దీ ‘నేను దేనికీ పనికిరాను’ అన్న భావన ముదురుతుంది, మనిషి ఇంకా ముడుచుకుపోతారు. ఆ వలయాన్ని తెంచడానికే బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స ఉంది. మనసు బాగుపడేదాకా ఆగకుండా, ముందు చిన్న పని మొదలుపెట్టిస్తారు. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన కోబ్రా అనే ట్రయల్‌లో, ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స అయిన సీబీటీకి ఇది తీసిపోదని తేలింది. రోజువారీ ఇంటి పనులు కూడా ఆ చికిత్సలో భాగమే.

గోరింట:
అక్కడ థెరపిస్టు ఆ మనిషి ఓపిక చూసి, కొలిచి ఇస్తారు. ఇంట్లో అదే మాట ‘లేచి నాలుగు పనులు చేస్తే అదే పోతుంది’ అని మారుతుంది. నా భయమల్లా దానికే.

పొద్దుతిరుగుడు:
మీ భయం న్యాయమైనదే. అందుకే ఎంత పని అని కాకుండా, ఎలాంటి పని అని చూడాలి. ఇంటి పనిలో కంటికి కనబడనిది చాలా ఉంటుంది. ఏం అవసరమో ముందే పసిగట్టడం, దారులు వెతకడం, తేల్చుకోవడం, అయిందో లేదో కనిపెట్టుకుని ఉండటం అని సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో దాన్ని నాలుగుగా విడదీశారు. డిప్రెషన్ ఏకాగ్రతనూ నిర్ణయశక్తినీ దెబ్బతీస్తుంది. కాబట్టి ముందు తప్పించాల్సింది ఈ బరువును: రేపటి వంట ఏమిటి, బిల్లు గడువెప్పుడు, స్కూలుకు ఫోన్ ఎవరు చేయాలి. గిన్నెలు తోమడం అలా కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్లెదుటే ఉంటుంది.

బట్టల సంగతే చూడండి. మెషీన్‌లో వేయడం, తీయడం, ఆరేయడం, మడతపెట్టడం, బీరువాలో సర్దడం: ఐదు పనులవి. చాలా ఇళ్లలో రెండో దగ్గర ఆగిపోతుంది. తడి బట్టలు మెషీన్‌లోనే ఉండిపోయి వాసన వేస్తాయి, మళ్లీ ఉతకాలి, దాంతో గొడవ. ‘బట్టలు నీ వంతు’ అనకండి. మడతపెట్టడం ఒక్కటే ఇవ్వండి, అదీ పది నిమిషాలు టైమర్ పెట్టుకుని. మిగిలినవి బుట్టలో ఉన్నా ఎవరికీ నష్టం లేదు. వాయిదా వేస్తే పాడయ్యే పని, పిల్లల భద్రతతో ముడిపడ్డ పని వాళ్ల వాటాలో పెట్టొద్దు.

ప్రతి పనికీ గడ్డు రోజు కొలత కూడా ముందే అనుకోండి. గడ్డు రోజున గిన్నెలంటే తోమడం కాదు, నీళ్లు పోసి నానబెట్టడమే. అంతవరకు చేస్తే ఆ రోజుకు ఆ పని అయినట్టే లెక్క. ఆ మాట ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే ఈ పద్ధతి నిలవదు.

చలివేంద్రం:
రెండోవారి గురించి ఒక్కరూ మాట్లాడరేం? ‘తేరుకునేదాకా’ అంటే ఎన్నాళ్లు? గడువు లేకుండా మొత్తం ఒకరి నెత్తిన పడితే వాళ్లూ కుంగిపోతారు. రెండు వారాలకోసారి కూర్చుని పంపకం మార్చుకోవాలి. కొన్ని పనులు ఇద్దరూ కలిసి మానేయాలి: ఇస్త్రీ, అలమరలు సర్దడం, అతిథి మర్యాదలు. ఐదేళ్ల పిల్లలు బొమ్మలు బుట్టలో వేయగలరు. అంతే గానీ ‘అమ్మను కనిపెట్టుకుని ఉండు’ అని వాళ్లకు అప్పగించకూడదు.

తూరుపుగాలి:
చావు గురించిన మాటలు వస్తే ఈ పంపకాలన్నీ పక్కన పెట్టేయండి. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కాస్త బాగుంది కదా అని మందు ఎవరికి వారు ఆపేయకూడదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడమనే చెబుతారు.

గోరింట:
మొదటి రెండు వారాలు ఏ వాటా వద్దన్న మాట మీదే ఉన్నాను. తర్వాత ఒక్క పనితో మొదలుపెట్టడానికి అభ్యంతరం లేదు, ఆ పని వాళ్లే ఎంచుకుంటే.

పొద్దుతిరుగుడు:
ఎంచుకోమంటే మళ్లీ నిర్ణయం వాళ్ల మీదే పడుతుంది. రెండు పనులు చెప్పి ‘ఏది?’ అని అడగండి. పొద్దున వద్దు. చాలామందికి ఉదయమే బరువుగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. పిల్లల్ని తయారుచేసే గంట రెండోవారిది, రాత్రి గిన్నెలు వీళ్లవి. మత్తుగా ఉండే మందు రాత్రిపూట వేసుకుంటుంటే పసిబిడ్డ కోసం లేచే వంతు కూడా వీళ్లకు ఇవ్వకండి.